ఇంజిన్ కంప్యూటరు మార్పిడి: నిర్ధారణ, కారణం, అమరిక

పరిచయం

ఇంతకుముందు భాగాల్లో మీరు సెన్సార్లు, ఇంజెక్టర్లు, జ్వలన వ్యవస్థ గురించి విడివిడిగా చదివారు. వాటన్నిటినీ ఒక తాటి మీద నడిపేది ఇంజిన్ కంప్యూటరు. మన షెడ్డుల్లో దీన్ని ఈసీఎం అంటారు. ఈ భాగంలో ఆ కంప్యూటరు చెడిపోయినప్పుడు ఎలా గుర్తించాలి, ఎందుకు చెడిందో ఎలా తెలుసుకోవాలి, కొత్తది ఎలా అమర్చాలి అనే విషయాలు తెలుసుకుందాం.

సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు. ప్లగ్గులు మార్చారు, ఫిల్టరు మార్చారు, పెట్రోలు పంపు కూడా మార్చారు. ఇక మార్చడానికి ఏమీ మిగలక ఎవరో ఒకరు “కంప్యూటరు పోయింది” అని తేల్చేస్తారు. ఈ మాట చెప్పడం చాలా తేలిక, తప్పయితే మాత్రం నష్టం పెద్దది. బండిలోని విద్యుత్ భాగాల్లో ఎక్కువ ఖరీదైన వాటిలో కంప్యూటరు ఒకటి. విద్యుత్ భాగాన్ని ఒకసారి బిగించాక దుకాణందారు సాధారణంగా వెనక్కి తీసుకోడు. పికప్ బండి యజమానికి అది వాహనం మాత్రమే కాదు, ఆ రోజు సంపాదన కూడా. కాబట్టి ఈ భాగంలో ఎక్కువ పేజీలు కంప్యూటరును బిగించడానికి కాక, అది నిజంగా చెడిందా అని నిర్ధారించుకోవడానికే కేటాయించాం. బిగించడం ఒక గంట పని.

మనం తీసుకున్న ఉదాహరణ

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1987 నుంచి 1996 వరకు అమ్మిన ఎఫ్-150 పికప్‌ను, అందులోనూ 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఉన్నదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మన రోడ్ల మీద కనిపించని బండి గురించి మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. ఈ బండ్లలో చాలావాటిలోని కంప్యూటరు ఈఈసీ-4 అనే తరానికి చెందినది. అందులో ఇంటెల్ తయారుచేసిన 8061 అనే ప్రాసెసర్ ఉంటుంది. దాని 60 పిన్నుల కనెక్టరులో ఏ పిన్ను ఏ పని చేస్తుందో తెలిస్తే, ఖరీదైన స్కానర్ లేకుండా మామూలు మల్టీమీటరుతోనే దాదాపు అన్నిటినీ కొలవవచ్చు. తాళంచెవిని గుర్తుపట్టే ఇమ్మొబిలైజర్ లాంటి చిక్కులు కూడా ఇందులో లేవు. ఆలోచించే పద్ధతి నేర్చుకోవడానికి ఇంతకన్నా సులువైన బండి దొరకదు. ఆ పద్ధతి ఇప్పటి బండ్లకు ఎంతవరకు పనికొస్తుందో చివరలో చూద్దాం.

కంప్యూటరు ఏం చేస్తుంది, ఏం చేయదు

కంప్యూటరుకు బ్యాటరీ నుంచి 12 వోల్టులు వస్తాయి. దాని నుంచి అది స్థిరమైన 5 వోల్టులు తయారుచేసి, థ్రాటిల్ స్థానాన్ని చెప్పే సెన్సారుకు, మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సారుకు, ఈజీఆర్ వాల్వ్ స్థానాన్ని చెప్పే సెన్సారుకు పంపుతుంది. దీన్ని రిఫరెన్స్ వోల్టేజి అంటారు. సెన్సార్లు తిరిగి పంపే సంకేతాలను చదివి, ఎంత పెట్రోలు, ఎప్పుడు స్పార్క్ అని లెక్క వేస్తుంది.

ఇక్కడ చాలామంది విద్యార్థులు పొరబడే విషయం ఒకటి ఉంది. ఇంజెక్టరుకు కంప్యూటరు 12 వోల్టులు పంపదు. ఇంజెక్టరు ఒక కొసకు, ఇగ్నిషన్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటరుకు విద్యుత్తు ఇచ్చే రిలే నుంచే 12 వోల్టులు వస్తుంటాయి. రెండో కొసను కంప్యూటరు లోపలి ట్రాన్సిస్టరు ఎర్త్‌కు కలుపుతుంది, విడదీస్తుంది. పెట్రోలు పంపు రిలే, ఐడిల్ గాలి సోలనాయిడ్ కూడా ఇలాగే పనిచేస్తాయి. అంటే కంప్యూటరు ఎర్త్ వైపు ఉన్న స్విచ్ అనుకోండి. ఆ స్విచ్ గుండా ఎంత కరెంటు పోతుందన్నది కంప్యూటరు చేతిలో లేదు. అవతల ఉన్న చుట్ట నిరోధమే దాన్ని నిర్ణయిస్తుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, తరవాత దీనితో ఒక లెక్క చేయబోతున్నాం.

లోపల నిజంగా చెడేది ఏమిటి?

ప్రాసెసర్ చిప్ చెడిపోవడం అరుదు. ఈ తరం ఫోర్డ్ కంప్యూటర్లలో బాగా పేరుపడ్డ లోపం ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లది. చిన్న డబ్బా ఆకారంలో ఉండే ఈ భాగం లోపల అల్యూమినియం రేకు, ద్రవంలో తడిపిన కాగితం చుట్టి ఉంటాయి. అడుగున రబ్బరు బిరడా ఉంటుంది. కంప్యూటరుకు వచ్చే విద్యుత్తులోని ఒడుదొడుకులను సరిచేయడం దీని పని. ఏళ్ళ తరబడి వేడికి రబ్బరు గట్టిపడి ద్రవం బయటికి కారుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి కెపాసిటరు ఆయుష్షు సుమారు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక అంచనా సూత్రం ఉంది. కారిన ద్రవానికి చేప కుళ్ళిన వాసన వస్తుంది. అది అక్కడితో ఆగదు. బోర్డు మీది రాగి గీతలను కూడా తినేస్తుంది.

దీని లక్షణాలు వింతగా ఉంటాయి. ఇగ్నిషన్ వేసినప్పుడు ఒక సెకను పాటు పనిచేసి ఆగవలసిన పెట్రోలు పంపు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చెక్ ఇంజిన్ లైటు అసలే వెలగదు, లేదా ఆరదు. స్వీయపరీక్ష మొదలుకాదు, మొదలైనా అర్థంలేని కోడ్లు వస్తాయి. చల్లగా ఉన్నప్పుడు బండి బాగుండి, గంట తరవాత పొగ వదులుతూ పెట్రోలు తాగేస్తుంది. లక్షణం రోజుకొక రకంగా మారుతుంటే ఈ కెపాసిటర్ల మీద అనుమానం రావాలి.

ఈ బోర్డుల్లో సాధారణంగా ఇలాంటివి మూడు ఉంటాయి: 47 మైక్రోఫారడ్లవి రెండు, 10 మైక్రోఫారడ్లది ఒకటి. అయినా పాత డబ్బా మీద ముద్రించిన విలువ చూసే కొత్తది కొనండి. 105 డిగ్రీల సెల్సియస్ తట్టుకునే రకం తీసుకోండి. పాతవి తీసిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రం చేసి, రాగి గీతలు తెగాయేమో మీటరుతో చూసి, తెగిన చోట సన్నటి వైరు ముక్క అతికించి, ధన రుణ ధ్రువాలు తారుమారు కాకుండా కొత్తవి పెట్టాలి. టంకం పని చేతిలో ఉన్నవారికి ఇది మధ్యాహ్నం పని, ఖర్చు స్వల్పం. ద్రవం బోర్డు లోపలి పొరల దాకా తినేసి ఉంటే మాత్రం మొహమాటపడకుండా కంప్యూటరు మార్చేయడమే మంచిది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
ఇంజెక్టరుకు 12 వోల్టులు ఎక్కడి నుంచి వస్తాయి? కంప్యూటరు ఇంజెక్టరును ఎలా తెరుస్తుంది?

నిర్ధారణ: ముందు అన్నం పెట్టారా చూడండి

మూత విప్పకముందే కంప్యూటరుకు విద్యుత్తు సరిగా అందుతోందో లేదో చూడాలి. ఆకలితో పడిపోయినవాడికి ఆపరేషను చేయకూడదు గదా.

60 పిన్నుల కనెక్టరు ఇంజిన్ గదిలో, డ్రైవరు వైపు అడ్డగోడ మీద ఉంటుంది. 1వ పిన్నులో ఇగ్నిషన్ ఆపి ఉన్నా సరే బ్యాటరీ వోల్టేజి ఉండాలి. కంప్యూటరు నేర్చుకున్న విషయాలను గుర్తుంచుకునే జ్ఞాపకానికి ఇదే ఆధారం. ఇగ్నిషన్ వేసినప్పుడు 37, 57 పిన్నుల్లో కూడా బ్యాటరీ వోల్టేజి రావాలి. రాకపోతే కంప్యూటరుకు విద్యుత్తు ఇచ్చే రిలేను, దాని ఫ్యూజును చూడండి. ఇంత చిన్న రిలే చెడిపోయి కంప్యూటరుకు చెడ్డపేరు తెచ్చిన సందర్భాలు తక్కువేమీ కాదు.

తరవాత ఎర్త్. 40, 60 పిన్నులు కంప్యూటరుకు ప్రధాన ఎర్త్. ఇక్కడ ఓమ్‌ల కొలతను నమ్మవద్దు. పాతిక తీగల వైరులో ఇరవైనాలుగు తెగి ఒక్కటే మిగిలినా మీటరు దాదాపు సున్నా ఓమ్‌లు చూపిస్తుంది. ఎందుకంటే మీటరు పంపే కరెంటు చాలా స్వల్పం, ఆ ఒక్క తీగా దాన్ని మోయగలదు. అసలు కరెంటు పారినప్పుడు మోయలేదు. అందుకే ఎర్త్‌ను పని జరుగుతున్నప్పుడే కొలవాలి. కనెక్టరు బిగించే ఉంచి, మీటరును వోల్టులలో పెట్టి, ఒక కొసను 40వ పిన్ను వైరుకు వెనుక నుంచి ఆనించండి. రెండో కొసను బ్యాటరీ రుణ ధ్రువం మీద పెట్టండి. ఇప్పుడు మీ స్నేహితుణ్ణి సెల్ఫ్ కొట్టమనండి. మీటరు సుమారు 0.1 వోల్టు దాటకూడదు. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే దారిలో ఎక్కడో తుప్పో, లూజో ఉంది. బ్యాటరీ రుణ ధ్రువం క్లాంపు దగ్గర ఆకుపచ్చ పొడి పేరుకున్న సన్నటి వైర్లను ముందు చూడండి. ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే ఈ భాగం చదివిన శ్రమ దక్కినట్టే.

విద్యుత్తు, ఎర్త్ రెండూ బాగున్నాయి. ఇప్పుడు 26వ పిన్నులో రిఫరెన్స్ వోల్టేజి చూడండి. కంప్యూటరు తయారుచేసే 5 వోల్టులు ఇక్కడ ఉండాలి. మీటరు ఒక వోల్టో, సున్నానో చూపిందనుకోండి. కంప్యూటరు చచ్చిపోయిందని అనిపిస్తుంది. నిజానికి సగం కేసుల్లో తీర్పు ఇక్కడే తప్పుతుంది. ఈ 5 వోల్టుల తీగ మూడు నాలుగు సెన్సార్లకు పోతుంది. వాటిలో ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా, తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఇంజిన్‌కు తగిలినా మొత్తం 5 వోల్టులు కుప్పకూలుతాయి. మీటరును అక్కడే ఉంచి, థ్రాటిల్ సెన్సారు ప్లగ్గు పీకండి. మార్పు లేదా? ఈజీఆర్ సెన్సారు ప్లగ్గు పీకండి. ఆ తరవాత మ్యాప్ సెన్సారుది. ఒకదాన్ని పీకిన క్షణంలో మీటరు 5కు లేచిందంటే దొంగ దొరికాడు. అన్నీ పీకినా లేవకపోతే కనెక్టరు వైపు నుంచి 26వ తీగను తప్పించి, కంప్యూటరు పిన్ను దగ్గరే కొలవండి. అప్పుడూ 5 రాకపోతే కంప్యూటరు మీద అనుమానం గట్టిపడుతుంది.

స్వీయపరీక్ష కూడా ఈ దశలోనే చేయాలి. పరీక్ష కనెక్టరులో రెండు తీగలను వైరు ముక్కతో కలిపి ఇగ్నిషన్ వేస్తే, చెక్ ఇంజిన్ లైటు మెరుపుల రూపంలో కోడ్లు చెబుతుంది. మొదటి ఏళ్ళ బండ్లలో ఇవి రెండంకెలవి, తరవాతి వాటిలో మూడంకెలవి. 11 లేదా 111 వస్తే లోపమేమీ కనబడలేదని అర్థం. ఇంజిన్ ఆపి చేసిన పరీక్షలో 15 వస్తే కంప్యూటరు తన జ్ఞాపకాన్ని తానే పరీక్షించుకుని తప్పిందని ఒప్పుకున్నట్టు. అయితే బ్యాటరీ తీసి పెట్టిన వెంటనే, దాచిన కోడ్ల వరుసలో 15 కనిపిస్తే కంగారు పడకండి. విద్యుత్తు పోయిన సంగతినే అది చెబుతోంది. కోడ్లు చెరిపి, కొంతసేపు నడిపి మళ్ళీ చూడండి.

కంప్యూటరు వేషం వేసే మరో భాగం

ఈ బండ్లలో కంప్యూటరు లోపాన్ని అచ్చుగుద్దినట్టు అనుకరించే భాగం ఒకటి ఉంది. అది జ్వలన మాడ్యూల్. దాన్ని టీఎఫ్‌ఐ అంటారు. పాత బండ్లలో ఇది నేరుగా డిస్ట్రిబ్యూటరు పక్కకే బిగించి, ఇంజిన్ వేడిని పీల్చుకుంటూ ఉంటుంది. వేడెక్కినప్పుడు బండి దారిలో ఠక్కున ఆగిపోతుంది. అరగంట చల్లారితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది.

ఇందులో మోసం ఏమిటంటే, డిస్ట్రిబ్యూటరులోని హాల్ సెన్సారు ఇంజిన్ తిరుగుతున్నట్టు పంపే సంకేతం ఈ మాడ్యూల్ గుండానే కంప్యూటరుకు వెళ్తుంది. ఆ సంకేతం రాకపోతే ఇంజిన్ ఆగి ఉందనుకుని కంప్యూటరు ఇంజెక్టర్లను కూడా ఆపేస్తుంది. స్పార్క్ లేదు, పెట్రోలు లేదు. రెండూ ఒకేసారి పోయాయి కాబట్టి రెంటికీ యజమాని అయిన కంప్యూటరే పోయిందని ఎవరైనా అనుకుంటారు. తర్కం బాగానే ఉంది, తీర్పు తప్పు.

దీన్ని విడదీయడానికి ఫోర్డ్ ఒక చిన్న ప్లగ్గు ఏర్పాటు చేసింది. స్పార్క్ సమయాన్ని కంప్యూటరు నిర్ణయించే తీగ మధ్యలో, డిస్ట్రిబ్యూటరుకు దగ్గరగా అది ఉంటుంది. స్పౌట్ ప్లగ్గు అంటారు. దాన్ని పీకితే కంప్యూటరు మాట వినకుండా మాడ్యూల్ తనంతట తాను స్పార్క్ ఇస్తుంది. బండి ఆగిపోయి ఉన్నప్పుడు ఈ ప్లగ్గు పీకి సెల్ఫ్ కొట్టండి. ప్లగ్గు ఉంటే స్పార్క్ లేక, పీకితే వస్తోందంటే కంప్యూటరును గానీ, ఆ తీగ షార్ట్‌ను గానీ అనుమానించాలి. పీకినా స్పార్క్ రాలేదంటే మాడ్యూల్, హాల్ సెన్సారు, కాయిల్ వైపు చూడాలి, కంప్యూటరు జోలికి పోనక్కరలేదు. బండి చల్లారాక ఈ పరీక్ష చేస్తే ఏమీ తెలియదని వేరే చెప్పాలా? లోపం ఉన్న సమయంలో పరీక్షించాలి. ఇందుకోసం బండి పక్కన మీటరు పట్టుకుని అరగంట కాచుకోవాల్సి వచ్చినా కాచుకోండి.

ఎందుకు పోయింది?

ఇప్పుడు కంప్యూటరే చెడిందని రుజువైంది. ఇంజెక్టర్ల ఒక వరుసను తెరిచే ట్రాన్సిస్టరు కాలిపోయింది. కొత్త కంప్యూటరు తెప్పించి బిగిస్తే సరిపోతుందా? కాలడానికి కారణం బండిలోనే ఉండిపోతే కొత్తది కూడా అదే దారి పడుతుంది. మొదటిది పోవడానికి ఏడాది పట్టి ఉండవచ్చు, రెండోది సాయంత్రానికే పోవచ్చు.

మనం ముందు గుర్తుంచుకోమన్న లెక్క ఇప్పుడు చేద్దాం. ఈ ఇంజిన్‌లో ఆరు ఇంజెక్టర్లు మూడేసి చొప్పున రెండు వరుసలు. ఒక వరుస కంప్యూటరు 58వ పిన్నుకు, మరొకటి 59వ పిన్నుకు వస్తాయి. ఒక్కో ఇంజెక్టరు చుట్ట నిరోధం సుమారు 15 ఓమ్‌లు అనుకుందాం. మూడూ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి మొత్తం నిరోధం 15ను 3తో భాగిస్తే 5 ఓమ్‌లు. 12 వోల్టులకు పారే కరెంటు 12ను 5తో భాగిస్తే 2.4 ఆంపియర్లు. ట్రాన్సిస్టరు దీన్ని ఏళ్ళ తరబడి మోస్తుంది.

ఒక ఇంజెక్టరు చుట్టలో ఇన్సులేషన్ కాలి, దాని నిరోధం 2 ఓమ్‌లకు పడిపోయిందనుకోండి. మిగతా రెండూ కలిసి 7.5 ఓమ్‌లు. 7.5, 2 సమాంతరంగా కలిస్తే 15ను 9.5తో భాగించాలి, అంటే దాదాపు 1.58 ఓమ్‌లు. కరెంటు 7.6 ఆంపియర్లకు చేరింది. మూడు రెట్లకు పైనే. విచిత్రమేమిటంటే ఇంజిన్ ఇంకా నడుస్తూనే ఉంటుంది, కాస్త వణుకుతుంది అంతే. యజమాని పట్టించుకోడు. ట్రాన్సిస్టరు మాత్రం ప్రతి మెరుపుకూ మాడుతూ ఉంటుంది.

కాబట్టి పాత కంప్యూటరు ఊడదీసి, కొత్తది పెట్టేముందు, ఖాళీగా ఉన్న కనెక్టరు దగ్గర 37వ పిన్నుకు విద్యుత్తు లేదని నిర్ధారించుకుని, బయటి చుట్టలన్నిటినీ కొలవాలి. ఇంజెక్టర్ల వరుసలు ఒక్కొక్కటి 5 ఓమ్‌ల దగ్గర ఉండాలి. ఐడిల్ గాలి సోలనాయిడ్ 7 నుంచి 13 ఓమ్‌ల మధ్య ఉండాలి. తక్కువగా ఉన్నదాన్ని ముందు మార్చి, ఆ తరవాతే కంప్యూటరు పెట్టాలి. బండిని వేడెక్కించి మళ్ళీ ఒకసారి కొలవగలిగితే మరీ మంచిది. కొన్ని చుట్టలు చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగానే ఉంటాయి.

ఇతర కారణాలు కూడా ఉంటాయి. ముందు అద్దం కింద నుంచి కారిన వాన నీరు, జంప్ స్టార్ట్ చేసేటప్పుడు తిరగబడిన కేబుళ్ళు, రెగ్యులేటరు పాడై 16 వోల్టులు దాటి ఛార్జ్ చేసే ఆల్టర్నేటరు, బ్యాటరీ తీయకుండా చాసిస్‌కు చేసిన వెల్డింగ్. యజమానిని అడగండి. చాలాసార్లు “మొన్న ట్రాలీ కొక్కేనికి వెల్డింగ్ పెట్టించాను” లాంటి జవాబు వస్తుంది. ఆ జవాబు అరగంట పరీక్షను మిగులుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
ఎర్త్ వైరును ఓమ్‌లలో కాక, సెల్ఫ్ కొడుతూ వోల్టులలో ఎందుకు కొలవాలి?

సరిజోడు ఎంచుకోవడం

ఒకే ఏడాది, ఒకే ఇంజిన్, చూడటానికి ఒకేలాంటి పెట్టె, ఒకే కనెక్టరు. అయినా రెండు కంప్యూటర్లూ ఒకటి కావు. కనెక్టరు సరిగ్గా కూర్చుంటే చాలనుకోవడం తప్పు.

పెట్టె మీది చీటీలో ఒక సంఖ్య ఉంటుంది. ఉదాహరణకు అది ఎఫ్1టీఎఫ్-12ఏ650 అని మొదలైందనుకోండి. ‘ఎఫ్1’ అంటే 1991 నమూనాకు రూపొందించినది. ‘టీ’ అంటే ట్రక్కు. 12ఏ650 అనేది ఫోర్డ్ భాషలో ఇంజిన్ కంప్యూటరుకు మూల సంఖ్య, అందుకే అది అన్నిటి మీదా కనిపిస్తుంది. దాని తరవాత వచ్చే అక్షరాలు, చీటీ మీద విడిగా పెద్దగా వేసిన చిన్న కోడు కలిసి అసలు లోపలి ప్రోగ్రాము ఏదో చెబుతాయి. గేరుబాక్సు మాన్యువలా ఆటోమేటికా, బండి కాలిఫోర్నియా ఉద్గార నియమాలకా ఇతర రాష్ట్రాలకా అన్న తేడాలు ఇక్కడే ఉంటాయి.

గేరుబాక్సు తేడా చిన్నదేమీ కాదు. 1989 నుంచి ఈ బండ్లలో కొన్నిటికి ఈ4ఓడీ అనే ఆటోమేటిక్ గేరుబాక్సు వచ్చింది. పెట్రోలు బండ్లలో దాని గేర్లను మార్చేది కూడా ఇంజిన్ కంప్యూటరే. మాన్యువల్ బండి కంప్యూటరు తెచ్చి ఇందులో పెడితే ఇంజిన్ చక్కగా స్టార్టవుతుంది, గేర్లు మాత్రం సరిగా పడవు. అప్పుడు గేరుబాక్సు విప్పేవారు కూడా ఉంటారు! పాత చీటీని శుభ్రంగా తుడిచి ఫొటో తీసుకున్నాకే కొత్తదానికి ఆర్డరు పెట్టండి. చీటీ చెరిగిపోయి ఉంటే బండి తలుపు దగ్గరి సంఖ్యల పలక ఆధారంగా డీలరును అడగాలి, అంచనా వేయకూడదు.

బిగించడం

ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ రుణ కేబుల్ తీయండి. కనెక్టరు మధ్యలో 10 మిల్లీమీటర్ల బోల్టు ఉంటుంది. అది వదులయ్యే కొద్దీ కనెక్టరు తనంతట తానే బయటికి వస్తుంది. లాగడానికి ప్రయత్నించకండి. కనెక్టరు లోపల టార్చి వేసి చూడండి. వంగిన పిన్ను, పచ్చటి తుప్పు, నీటి మరక ఉంటే ముందు దాని సంగతి చూడాలి. కొత్త పెట్టెను తాకేముందు చేతిని బండి లోహానికి ఆనించండి, ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. బోల్టును చేతితో తిప్పి సూటిగా పట్టిందని తెలిశాకే స్పానరు వాడండి. అడ్డంగా పట్టిన బోల్టు పిన్నులను విరగ్గొడుతుంది.

స్టార్టయ్యాక మొదటి రోజు ఇంజిన్ ఐడిల్ కాస్త ఎగుడుదిగుడుగా ఉండటం సహజం. పాత కంప్యూటరు ఆ ఇంజిన్ అరుగుదలకు తగ్గట్టు పెట్రోలు సర్దుబాట్లు నేర్చుకుని ఉండేది, కొత్తదానికి అవేవీ తెలియవు. సుమారు 16 కిలోమీటర్లు రకరకాల వేగాల్లో నడిపితే నేర్చుకుంటుంది. ఈ సంగతి యజమానికి ముందే చెప్పండి, లేకపోతే అరగంటలో బండి వెనక్కి తెస్తాడు. తరవాత ఇంజిన్ ఆపి ఒకసారి, నడుస్తుండగా మరోసారి స్వీయపరీక్ష చేసి, రెండింటిలోనూ 11 లేదా 111 వచ్చాక పని పూర్తయినట్టు.

మన బండ్ల సంగతి

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్-6 నియమాలు వచ్చాయి. ఇప్పుడు సంత సరుకులు మోసే డీజిల్ పికప్పులన్నీ, తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు డి-మ్యాక్స్ సహా, కంప్యూటరు నడిపే కామన్ రైల్ ఇంజిన్లతోనే వస్తున్నాయి. పైన చెప్పిన విద్యుత్తు, ఎర్త్, 5 వోల్టుల పరీక్షలు వీటికీ యథాతథంగా వర్తిస్తాయి. పిన్నుల సంఖ్యలు మాత్రం ఆ బండి సర్వీసు పుస్తకంలో చూసుకోవాలి. ఇంజెక్టర్ల లెక్క మాత్రం పనికిరాదు. ఈ ఇంజెక్టర్లను కంప్యూటరు ఎక్కువ వోల్టేజితో వేరే విధంగా నడుపుతుంది, ఇంజిన్ నడుస్తుండగా ఆ తీగలను తాకడం ప్రమాదం కూడా.

పెద్ద తేడా మార్పిడిలో ఉంది. పాత ఫోర్డులో పెట్టె బిగిస్తే చాలు. ఇక్కడ ఖాళీ పెట్టెకు ప్రోగ్రాము, చాసిస్ నంబరు రాయాలి. తాళంచెవితో ఇమ్మొబిలైజర్‌ను జత చేయాలి. ఒక్కో ఇంజెక్టరు మీద చెక్కిన దిద్దుబాటు కోడును ఏ సిలిండరుదో ఆ సిలిండరుకే ఎక్కించాలి. పొగ మసిని పట్టే ఫిల్టరు ఎంత నిండిందో చెప్పే లెక్కను కూడా పాతదాని నుంచి కొత్తదానికి మార్చాలి. లేకపోతే నిండిన ఫిల్టరును ఖాళీదనుకుని కంప్యూటరు దాన్ని శుభ్రం చేసే పని మొదలుపెట్టదు. తుక్కు దుకాణంలో చవకగా దొరికిన కంప్యూటరు ఎందుకు స్టార్ట్ కానివ్వదో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది ఇంకో బండి తాళంచెవి కోసం చూస్తోంది.

అందుకే పాత కంప్యూటరు కొన ఊపిరితో స్కానరుతో మాట్లాడుతుంటే, ఊడదీసే ముందే అందులోని సమాచారాన్నంతా చదివి దాచండి. పూర్తిగా చచ్చాక ఆ అవకాశం ఉండదు. కొత్తదానికి ప్రోగ్రాము రాస్తున్నంతసేపూ బ్యాటరీకి స్థిరమైన సరఫరా తగిలించి ఉంచాలి. మధ్యలో వోల్టేజి పడిపోతే కొత్త కంప్యూటరు చేతిలోనే పనికిరాకుండా పోవచ్చు.

అభ్యాసం

1990 నాటి ఎఫ్-150, ఆరు సిలిండర్లు, మాన్యువల్ గేర్లు. ఇంజిన్ వణుకుతోంది. ఇంకో షెడ్డులో కంప్యూటరు మార్చమన్నారని యజమాని మీ దగ్గరకు తెచ్చాడు. మీరు కొలిస్తే 37, 57 పిన్నుల్లో 12.4 వోల్టులు వచ్చాయి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 40వ పిన్నుకూ బ్యాటరీ రుణ ధ్రువానికీ మధ్య 0.08 వోల్టు, 26వ పిన్నులో 5.0 వోల్టులు ఉన్నాయి. కనెక్టరు తీసి చూస్తే 58వ పిన్ను వరుస 5 ఓమ్‌లు, 59వ పిన్ను వరుస 3 ఓమ్‌లు. 59వ వరుసలో రెండు ఇంజెక్టర్లు 15 ఓమ్‌లతో బాగున్నాయని అనుకుంటే మూడోదాని నిరోధం ఎంత? ఆ వరుస ట్రాన్సిస్టరు ఇప్పుడు ఎన్ని ఆంపియర్లు మోస్తోంది? ఇవి లెక్కించి, కంప్యూటరు కొనాలా వద్దా అని అడిగే యజమానికి మీరు చెప్పే జవాబు పది వాక్యాల్లో రాయండి.